పాత కారును పరీక్షించుట ఎట్లు?

ముషీరాబాదులోని ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ వద్ద బస్సులు, సొంత కార్లు ప్రక్కప్రక్కనే పోవుచుండును. రెండింటికిని ఇంజను, బ్రేకులు, టైర్లు కలవు. కాని చట్టము దృష్టిలో వీటికి పెద్ద భేదమున్నది. బస్సు, లారీ, టాక్సీ వంటి వాహనములు వాటి వయస్సును బట్టి ఏడాదికో రెండేండ్లకో ఒకసారి తనిఖీకి నిలిచి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పొందవలెను. సొంత కారు సంగతి వేరు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము దాని రిజిస్ట్రేషన్ 15 సంవత్సరములు చెల్లును. ఆ గడువు తీరిన పిమ్మటనే కారును తనిఖీ చేయించి, 5 సంవత్సరములకొకసారి పొడిగించుకొనవలెను.

ఇందువలన కలుగు ఫలితమును గమనింపుడు. పదేండ్ల పాత కారు అమ్మకానికి వచ్చినదనుకొందము. అది వేగము కొరకే నిర్మించిన స్పోర్ట్స్ కారు కావచ్చును. దాని బ్రేకులను ఈ పదేండ్లలో ప్రభుత్వ తనిఖీదారు ఒక్కసారియైనను చూచి ఉండనక్కరలేదు. బ్రిటనులో 1960 నుండి పాత కార్లకు బ్రేకులు, దీపములు, స్టీరింగు పరీక్ష తప్పనిసరి చేసిరి. నేడు అచ్చట మూడేండ్లు నిండిన కారుకు ఏటా పరీక్ష జరుగును. నంబరు తెలిసిన ఎవరైనను పాత పరీక్షల ఫలితములను చూడవచ్చును. జపానులో మొదట మూడేండ్లకు, తరువాత రెండేండ్లకొకసారి తనిఖీ ఉన్నది. అట్టి చరిత్ర మనకు దొరకదు గనుక, మన దేశమున పాత కారు కొనువాడే తనిఖీదారు కావలెను.

కాగితములు ఏమి చెప్పును?

మొదట రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూడవలెను. దానిలోని ఛాసిస్ నంబరును, ఇంజను నంబరును కారుపై చెక్కిన వాటితో అక్షరమక్షరము పోల్చవలెను. ఈ కాలపు కార్ల ఛాసిస్ నంబరులో 17 గుర్తులుండును. వాటిలో ఇంగ్లీషు అక్షరములైన ఐ, ఓ, క్యూ వాడరు. అవి ఒకటి, సున్న అంకెలుగా పొరబడునని ఆ నియమము. చెక్కిన చోట లోహమును అరగదీసిన గుర్తులున్నను, కొత్తగా రంగు వేసియున్నను అనుమానింపవలెను.

నంబరు పలక కూడ కొంత చెప్పును. హైదరాబాదులో ఎ.పి. 09 తో మొదలగు నంబరు ఖైరతాబాదు కార్యాలయమున తెలంగాణ ఏర్పడక ముందు, అనగా 2014 జూనుకు ముందు, ఇచ్చినది. పిమ్మట టి.ఎస్. వచ్చినది, 2024 మార్చి నుండి టి.జి. వచ్చినది. కావున ఎ.పి. 09 కారు కొనువారు 15 ఏండ్ల గడువు ఎప్పుడు తీరునో ముందే లెక్క వేసుకొనవలెను.

బ్యాంకు అప్పు తీరినదా, చలానాలు మిగిలియున్నవా అని విచారించి, కారును వెంటనే తమ పేరు మీదికి మార్పించుకొనవలెను. కొనినవారికి ఇందుకు 30 దినములు గడువు కలదు. అమ్మువారికి కూడ ఇది ముఖ్యమే. ప్రమాదము జరిగినపుడు రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారినే యజమానిగా పరిగణింపవలెనని 2018లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది.

ఒక పొరపాటు అభిప్రాయమును ఇచ్చట తొలగింపవలెను. కాలుష్య సర్టిఫికెట్ ఉన్నది గనుక కారు బాగున్నదని కొందరు అనుకొందురు. ఆ పరీక్షలో పెట్రోలు బండి పొగలో కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బనులు ఎంత ఉన్నవో కొలుతురు. డీజిలు బండికి పొగ సాంద్రతను చూతురు. బ్రేకును గురించి గాని, టైరును గురించి గాని అది ఒక్క మాటయు చెప్పదు.

వేగము, బ్రేకు

వేగము రెట్టింపైనచో గతిశక్తి నాలుగు రెట్లగునని విద్యార్థులకు తెలియును. 1,200 కిలోల కారు గంటకు 100 కి.మీ. వేగమున పోవునపుడు దాని గతిశక్తి సుమారు 463 కిలోజౌళ్లు. కారును ఆపుట యనగా ఈ శక్తిని, ముఖ్యముగా బ్రేకులలో, వేడిగా మార్చుటయే. ఆ వేడితో 30 డిగ్రీల వద్దనున్న ఒకటిన్నర లీటరు నీటిని మరిగే స్థితికి తేవచ్చును.

ఘర్షణ గుణకము 0.7 అయిన పొడి రోడ్డు మీద, బ్రేకు పట్టిన పిమ్మట 50 కి.మీ. వేగపు కారు సుమారు 14 మీటర్లలో ఆగును. 100 కి.మీ. వేగపు కారుకు 56 మీటర్లు కావలెను. అరిగిన టైర్లు, తడి రోడ్డు కలిసి గుణకమును సగమునకు తగ్గించినచో ఆ 56 మీటర్లు 112 అగును. కావున టైరు గాడి లోతును కొలువుడు. కార్లకు అది 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నియమము. టైరు ప్రక్కన నాలుగంకెల గుర్తు ఉండును. 2319 అన్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము. గాడి లోతుగా ఉన్నను, ఏండ్లు గడిచిన రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోవును.

బ్రేకు ద్రవమునకు గాలిలోని తేమను పీల్చు గుణమున్నది. డాట్ 4 రకపు కొత్త ద్రవము 230 డిగ్రీల వరకు మరగరాదని ప్రమాణము. తేమ చేరిన పిమ్మట ఆ హద్దు 155 డిగ్రీలే. ద్రవము మరిగినచో గొట్టములో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము అణగదు గనుక పాస్కల్ సూత్రము ప్రకారము పీడనమును చక్రములకు అందించును. ఆవిరి అణగును గనుక పెడలు మెత్తగా క్రిందికి పోవును, కారు ఆగదు. వేగముగా నడిపిన కారులో ఈ అపాయము హెచ్చు. ద్రవము ఎప్పుడు మార్చిరో సర్వీసు కాగితములలో తప్పక చూడవలెను.

నీట మునిగిన కారు

అశోక్‌నగర్ ప్రక్కగా హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా పోవుచున్నది. 2020 అక్టోబరు వానలలో హైదరాబాదు నగరమున ఎన్నో కార్లు నీట మునిగినవి. అట్టి కారును కడిగి, రంగు వేసి అమ్మినచో పైచూపునకు తెలియదు. సీటు బెల్టును చివరి వరకు లాగి చూడుడు. బురద గీత కనిపించవచ్చును. తివాచీ క్రింద, అదనపు చక్రముంచు గుంటలో ఒండ్రు ఉన్నదేమో, సీటు పట్టాలు తుప్పు పట్టినవేమో చూడుడు. పాత కారులో తివాచీ మాత్రము కొత్తదైనచో కారణమడుగుడు. తడిసిన విద్యుత్ కనెక్షన్ల వద్ద రాగి క్రమముగా ఆకుపచ్చని పొరగా మారును. ఫలితము నెలల తరువాత బయటపడవచ్చును. ప్రమాద సమయమున ఎయిర్‌బ్యాగు తెరుచుకొనకపోవచ్చును.

నడిపి చూచుట

ఇంజను చల్లగానున్నపుడే మొదలు పెట్టవలెను. అమ్మువారు ముందే వేడి చేసి ఉంచినచో మరియొక దినము రావలెను. నీలిపొగ నూనె మండుటను, ఇంజను వేడెక్కిన పిమ్మటను వీడని తెల్లపొగ శీతలీకరణ నీరు సిలిండరులో చేరుటను, నల్లపొగ ఇంధనము హెచ్చగుటను సూచించును. ఉక్కు తలుపుపై చిన్న అయస్కాంతము ఒకచోట అంటి ఒకచోట అంటనిచో, లోపల పూడ్చిన పుట్టీ ఉన్నదన్నమాట. అయితే అల్యూమినియముతో చేసిన భాగములకు ఈ పరీక్ష పనికిరాదు. మీటరు తక్కువ కిలోమీటర్లు చూపుచుండగా పెడళ్ల రబ్బరు, స్టీరింగు నునుపుగా అరిగియున్నచో ఆ లెక్కను నమ్మరాదు.

చివరగా కారును మెకానిక్కు షెడ్డులో లిఫ్టుపైకెత్తి అడుగుభాగము చూపించవలెను. కంప్యూటరు పరికరముతో దోష సంకేతములను చదివించవలెను. ఆ సంకేతములను నిన్ననే చెరిపివేసినను, కారు తన స్వయంపరీక్షలు ఇంకను పూర్తి చేయలేదని ఆ పరికరము చూపును. దీనికగు ఖర్చు కారు వెలలో స్వల్ప భాగము. ఈ పరీక్షకు అమ్మువారు ఒప్పుకొననిచో, ఎంత చౌకగా వచ్చినను ఆ కారును కొనకుండుటయే మేలు.