దూరపు కొండలు... దగ్గర్లోనే!

సంగం జాగర్లమూడిలో నిలబడి చూస్తే నాలుగువైపులా చేలే. తాటిచెట్లూ కొబ్బరిచెట్లూ తప్ప ఎత్తుగా కనపడేది ఏదీ ఉండదు. కానీ ఆ చేలను తడిపే కాలువ నీళ్ళు మాత్రం రెండు కొండల మధ్య నుంచి వస్తాయి. గంట, గంటన్నర ప్రయాణం చేస్తే ఆ కొండలన్నీ చుట్టి రావచ్చు. ఈసారి పిల్లలకు సెలవులొస్తే ఊటీ, అరకుల కంటే ముందు అటు బయల్దేరండి!

తెనాలికీ గుంటూరుకీ మధ్య, సంగమేశ్వరుడు కొలువైన ఊరు సంగం జాగర్లమూడి. గుంటూరు నగరానికి మంచినీళ్ళు పంపే పథకం ఒకటి ఇక్కడే ఉంది. మరి ఈ నీళ్ళు ఎక్కడివి? కాలువ గట్టు వెంట ఎగువకు వెళితే దుగ్గిరాల వస్తుంది. ఇంకా పైకి పోతే సీతానగరం, ఆపైన కృష్ణమ్మ, ఆవలి ఒడ్డున బెజవాడ కొండలు. మన విహారయాత్రకు దారి చూపేది ఆ కాలువే.

పానకం తాగే స్వామి

ముందుగా మంగళగిరి. దూరం నుంచి ఏనుగు పడుకున్నట్టు కనిపించే కొండ ఇది. మెట్లెక్కి వెళితే పానకాల నరసింహస్వామి దర్శనమిస్తాడు. స్వామి నోట్లో బెల్లం పానకం పోస్తే గుటకలు వేస్తున్నట్టు శబ్దం వినిపిస్తుంది. సగం తాగి మిగతా సగం భక్తులకు వదిలేస్తాడని నమ్మకం. పిల్లలు కళ్ళార్పకుండా చూసేది ఇక్కడే! కొండ కింద లక్ష్మీనరసింహస్వామి ఆలయానికి ఉన్న గాలిగోపురం 11 అంతస్తులతో ఆకాశాన్ని అంటుతున్నట్టు ఉంటుంది. అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1807-09 మధ్య కట్టించాడు దీన్ని. తిరిగి వచ్చేటప్పుడు మంగళగిరి నేత చీర కొనకుండా రావడం ఆడవాళ్ళకు కష్టమే.

కొండను తొలిచి నాలుగంతస్తులు

అక్కడినుంచి ఉండవల్లి. ఇటుకా సున్నం లేకుండా, కొండనే తొలుచుకుంటూ నాలుగు అంతస్తులుగా మలిచిన గుహాలయం ఇది. విష్ణుకుండినుల కాలం నాటిదని చెబుతారు. లోపల శేషతల్పం మీద పడుకున్న అనంతపద్మనాభుడి భారీ విగ్రహాన్ని చూస్తే ఆ శిల్పుల ఓపికకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. బయటకొచ్చి అరుగుల మీద కూర్చుంటే ఎదురుగా పచ్చటి పొలాల మీదుగా చల్లగాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తినడానికి ఇంతకన్నా మంచి చోటేది? అయితే ఆకులూ సీసాలూ అక్కడే వదిలేయకండి.

బెజ్జం వేసిన నది

ఉండవల్లి దాటితే ప్రకాశం బ్యారేజీ. ఇటు సీతానగరం కొండ, అటు ఇంద్రకీలాద్రి. కొండ అడ్డుపడితే కృష్ణమ్మ బెజ్జం చేసుకుని ముందుకు సాగిందనీ, అందుకే ఊరికి బెజవాడ అన్న పేరు వచ్చిందనీ ఒక కథ.

కథ మాటెలా ఉన్నా, నది ఇరుకైన ఆ చోటే మన డెల్టాకు ప్రాణం పోసింది. 1832-33లో వచ్చిన కరవులో గుంటూరు ప్రాంతంలోని సుమారు 5 లక్షలమంది జనాభాలో 2 లక్షలమంది దాకా చనిపోయారని అంచనా. పక్కనే నది పారుతున్నా పొలానికి చుక్క నీరెక్కని రోజులవి. 1852లో పని మొదలుపెట్టి 1855కల్లా ఇక్కడ ఆనకట్ట కట్టారు. అది 1952లో తెగిపోతే, దాని స్థానంలో 1957 నాటికి ఇప్పటి బ్యారేజీ వచ్చింది. పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు, గేట్లు 70. ఇక్కడ బయల్దేరిన నీళ్ళే దుగ్గిరాల దగ్గర పాయలుగా చీలి మన ఊళ్ళకు వస్తాయి. సంగం జాగర్లమూడి పిల్లలకు ఈ గేట్లు చూపించి ‘మనం తినే అన్నం ఇక్కడ మొదలవుతుంది’ అని చెప్పండి. ఏ పాఠంలోనూ అంత బాగా అర్థం కాదు.

సాయంత్రం గాంధీకొండ

దుర్గమ్మ దర్శనం చేసుకుని సాయంత్రానికి గాంధీకొండ చేరుకోండి. పైన ఉన్న 52 అడుగుల స్తూపాన్ని 1968 అక్టోబరు 6న అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారు. కొండ మీద నుంచి చూస్తే కాళ్ళ కింద రైల్వే స్టేషను, అవతల నది, మధ్యలో ఊరు... దీపాలు వెలిగే వేళ అక్కడే ఉండాలి.

దూరపు కొండలు నునుపు అంటారు. దగ్గరకొస్తే గాయాలూ కనపడతాయి. బెజవాడ కొండల అంచుల మీద, పైపైకి కూడా ఇళ్ళు పాకిపోయాయి. వేరే చోట స్థలం కొనలేని పేదలే అక్కడ ఎక్కువ. 2024 ఆగస్టు 31న కుండపోత వానకు మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ళ మీద పడ్డాయి. పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ వెంటనే వచ్చిన వరదకు బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయింది. కొండనూ నదినీ చూసి మురిసిపోవడంతో సరిపోదు, వాటి జోలికి ఎంతవరకు వెళ్ళాలో కూడా తెలుసుకోవాలి.

మర్నాడు కొండపల్లి

ఒక రాత్రి బెజవాడలో బస చేస్తే రెండోరోజు కొండపల్లి చూడొచ్చు. రెడ్డిరాజుల నాటి కోట కొండ మీద, బొమ్మల కాలనీ కొండ కింద. చుట్టుపక్కల అడవుల్లో దొరికే తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో ముక్కలు అతికించి, రంగులద్దుతారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, గీత కార్మికుడు... ఒక్కటైనా ఇంటికి తెచ్చుకోండి. చెట్టు దొరక్కపోతే బొమ్మా లేదు. కొండను కాపాడాలనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

ఎలా వెళ్ళాలి?

* సంగం జాగర్లమూడి నుంచి తెనాలి లేదా గుంటూరు చేరుకుంటే అక్కడినుంచి విజయవాడకు రైళ్ళూ బస్సులూ ఉంటాయి. మంగళగిరి ముందు చూడాలంటే గుంటూరు మీదుగా వెళ్ళడం నయం.
* నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ హాయిగా ఉంటుంది. ఎండాకాలమైతే మెట్లు పొద్దున్నే ఎక్కేయాలి.
* దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి మీద విపరీతమైన రద్దీ. పసిపిల్లలతో వెళ్ళేవాళ్ళు వేరే రోజులు చూసుకోవడం మంచిది.
* భారీ వానల హెచ్చరిక ఉన్నప్పుడు కొండ దారుల జోలికి వెళ్ళొద్దు.