కెప్టెన్ మళ్ళీ సార్జెంటయ్యాడు

1922లో అమెరికాలో ఒహాయో నది మీద డ్యామ్ పని జరుగుతోంది. రోజుకు ఆరు డాలర్ల కూలికి పనిచేస్తున్నవాళ్ళలో ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి ఒకడున్నాడు. నిజానికి అతను సైన్యంలో సార్జెంటు. కెంటకీ రాష్ట్రంలోని ఫోర్ట్ థామస్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. ఆ ఇంటి అప్పు సార్జెంటు జీతంతో తీరేలా లేక, సెలవు పెట్టి కూలికి వచ్చాడు.

మూడేళ్ళ కిందట అతను కెప్టెన్. అమెరికాలో శౌర్యానికి ఇచ్చే అన్నిటికన్నా పెద్ద పతకం మెడల్ ఆఫ్ ఆనర్ అతనికుంది. ఫ్రాన్స్ కూడా పతకాలిచ్చింది. 1921 నవంబరులో, ఆర్లింగ్టన్ శ్మశానంలో పేరు తెలియని సైనికుడికి అంత్యక్రియలు జరిగినప్పుడు, ఆ పేటికను మోయడానికి ఏరి తెచ్చినవాళ్ళలో అతనొకడు. పేరు శామ్యూల్ వుడ్‌ఫిల్. మొదటి ప్రపంచ యుద్ధంలో యూరప్‌కు వెళ్ళిన అమెరికా సేనలకు అధిపతి అయిన జనరల్ పెర్షింగ్, తన సైన్యంలో ఎంచదగ్గ సైనికుడని చెప్పింది ఈయన గురించే.

సైన్యాల్లో జవాను ఆఫీసరైతే అందరూ చెప్పుకుంటారు. భుజాన చుక్కలు తగిలిస్తారు, ఫొటోలు తీస్తారు, ఊళ్ళో బంతి భోజనాలు పెడతారు. ఆఫీసరుగా చేసినవాడు మళ్ళీ జవాన్లలోకి వెళితే ఫొటో తీసేవాళ్ళుండరు. చుక్కలు తీసి పెట్టెలో పెట్టుకుంటాడు, చేతికి సార్జెంటు పట్టీలు కుట్టించుకుంటాడు, మర్నాడు పొద్దున్నే పరేడ్‌లో తనకన్నా పదేళ్ళ చిన్నవాడైన లెఫ్టినెంటుకు సెల్యూట్ కొడతాడు. నామోషీ అనుకుంటే ఆ చెయ్యి లేవదు. వుడ్‌ఫిల్ చెయ్యి లేచింది.

ఇండియానాలో వ్యవసాయ కుటుంబంలో పుట్టి, 1901లో మామూలు సిపాయిగా చేరాడు. ఫిలిప్పీన్స్‌లో చేశాడు, అలాస్కా మంచులో ఏళ్ళ తరబడి ఉన్నాడు. తుపాకీ గురి అక్కడి వేటల్లో పదునెక్కింది. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగేసరికి సైన్యం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరగాల్సి వచ్చింది. సైనికులు దొరికారు గాని, వాళ్ళను నడిపే ఆఫీసర్లు చాలలేదు. పదిహేనేళ్ళు తల పండిన సార్జెంట్లను తీసి ఆఫీసర్లను చేశారు. కాగితం మీద ‘తాత్కాలిక’ అన్న మాట ఉంది. యుద్ధం మధ్యలో ఆ మాటను ఎవరు పట్టించుకుంటారు?

1918 అక్టోబరు 12. ఫ్రాన్స్‌లో క్యునెల్ ఊరి దగ్గర పొద్దుటి మంచు. వుడ్‌ఫిల్ కంపెనీ మీదికి మెషీన్‌గన్ల కాల్పులు మొదలయ్యాయి. అతను ఇద్దరు సైనికులను వెనక కొంత దూరంలో రమ్మని, తానొక్కడే ముందుకు పాకాడు. మొదటి గన్‌ను పక్క నుంచి చుట్టి దాని దగ్గరున్నవాళ్ళను రైఫిల్‌తో కాల్చాడు. ఒక జర్మన్ ఆఫీసరు మీద పడితే కలియబడి పిస్తోలుతో చంపాడు. రెండో గన్‌దీ అదే గతి. మూడోదాన్ని కూడా మూయించి ముందుకు దూకితే, ఆ గోతిలో ఇంకా ఇద్దరున్నారు. పిస్తోలుతో పని కాలేదు. పక్కనే కందకం తవ్వే పికాసు కనిపించింది. దానితో ఆ ఇద్దరినీ చంపాడు. అప్పటికే విషవాయువు పీల్చి ఉన్నాడు. దీన్ని వీరగాథగా చదవడం నాకు కష్టం. పికాసుతో మనిషిని చంపాల్సి రావడం ఏ మనిషి మనసులోంచీ చెరిగిపోదు. ఆ పని చేయించిన దేశం ఆ తర్వాత అతన్ని ఎలా చూసింది అన్నదే ఈ కథనంలో నా ప్రశ్న.

యుద్ధం ముగిసింది. సైన్యాన్ని కుదించారు. ‘తాత్కాలిక’ అన్న మాట అప్పుడు బయటికొచ్చింది. తాత్కాలిక ఆఫీసర్ల ముందు ఉన్నవి రెండే దారులు: ఇంటికి వెళ్ళిపోవడం, లేదా పాత హోదాకు తిరిగి వెళ్ళడం. వుడ్‌ఫిల్‌కు సైన్యం తప్ప మరో పని తెలియదు. అప్పుడు వదిలేస్తే అన్నేళ్ళ సర్వీసుకు పింఛను పోతుంది. 1919 చివర్లో కెప్టెన్‌గా విడుదలై, వెంటనే సార్జెంటుగా చేరాడు. 1923లో మాస్టర్ సార్జెంటుగా రిటైరయ్యాడు. ఆఫీసరు పింఛను ఇప్పించాలని అడిగినవాళ్ళున్నా, అప్పటికి అది కుదరలేదు. పేరు తెలియని సైనికుడి పేటికను మోసినప్పుడు కూడా అతను సార్జెంటే.

‘ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి’ అంటాం. ఆ మాటలో అంతా రాత మీదికి తోసేయడం ఉంది. వుడ్‌ఫిల్‌ను దించింది రాత కాదు, ఒక జీవో లాంటి కాగితం. దిగాలని ఒప్పుకున్నది అతను.

ఆ రోజుల్లోనే అట్లాంటిక్‌కు అవతల, మరొకాయన తనంత తానే కిందికి దిగాడు. వీళ్ళిద్దరినీ కలిపే మనిషి అమెరికన్ విలేఖరి లోవెల్ థామస్. 1919 ఆగస్టులో అతను లండన్‌లోని కోవెంట్ గార్డెన్ ఒపేరా హౌస్‌లో బొమ్మలు, సినిమా చూపిస్తూ ఉపన్యాసాలిచ్చాడు. విషయం, తుర్కుల మీద అరబ్బుల తిరుగుబాటు, వాళ్ళతో కలిసి ఎడారిలో పోరాడిన కర్నల్ టి.ఇ. లారెన్స్. జనం విరగబడ్డారు. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ అన్న పేరు లోకానికి తెలిసింది అక్కడే. అదే లోవెల్ థామస్ పదేళ్ళ తర్వాత, 1929లో, వుడ్‌ఫిల్ జీవితకథ కూడా పుస్తకంగా రాశాడు. లారెన్స్ పేరు ఈ రోజుకీ అందరికీ తెలుసు. వుడ్‌ఫిల్ పేరు అమెరికాలోనే చాలామందికి తెలియదు.

1922 ఆగస్టు 30న లారెన్స్ కోవెంట్ గార్డెన్‌కు వెళ్ళాడు. ఒపేరా హౌస్‌కు కాదు, అదే పేటలోని హెన్రియెట్టా వీధిలో ఉన్న వైమానిక దళం భర్తీ ఆఫీసుకు. జాన్ హ్యూమ్ రాస్ అని పేరు చెప్పి, అన్నిటికన్నా కింది హోదాలో చేరతానన్నాడు. బల్ల వెనక కూర్చున్న ఆఫీసరు డబ్ల్యూ.ఇ. జాన్స్, తర్వాత ‘బిగిల్స్’ పిల్లల నవలలు రాసినాయన. పేరు దొంగదని పట్టేసి పంపించేశాడు. లారెన్స్ పైనుంచి ఉత్తర్వు పట్టుకుని తిరిగొచ్చాడు. లెఫ్టినెంట్ కర్నల్‌గా చేసినవాడు, పారిస్ శాంతి సభలో కూర్చున్నవాడు, చర్చిల్‌కు సలహాదారుగా ఉన్నవాడు, అక్స్‌బ్రిడ్జ్ శిక్షణ శిబిరంలో చీపురు పట్టాడు, చెత్తబండి తోశాడు, పందుల దొడ్డి కడిగాడు.

ఎందుకు? అరబ్బులకిచ్చిన మాట తన దేశం నిలబెట్టుకోలేదన్న బాధ ఒకటి. పేరు మోయలేని అలసట ఒకటి. నలుగురిలో ఒకడై ఆజ్ఞ పాటిస్తే మనసు కుదుటపడుతుందన్న ఆశ ఒకటి. ఆ శిబిరం జీవితం మీద రాసిన పుస్తకానికి ‘ది మింట్’ అని పేరు పెట్టుకున్నాడు. మింట్ అంటే టంకశాల. నాణేలన్నిటి మీదా ఒకే ముద్ర పడినట్టు అక్కడ మనుషుల మీద ఒకే ముద్ర పడుతుందని భావం. అతను పోయాక ఇరవయ్యేళ్ళకు, 1955లో గాని అది అచ్చుకాలేదు.

గుట్టు నాలుగు నెలలే నిలిచింది. డిసెంబరులో పత్రికలు బయటపెట్టేశాయి, జనవరిలో పంపించేశారు. వైమానిక దళాధిపతి ట్రెంచర్డ్ ఆఫీసరుగా రమ్మన్నా లారెన్స్ ఒప్పుకోలేదు. 1923 మార్చిలో షా అన్న మరో పేరుతో ట్యాంకుల దళంలో సిపాయిగా చేరాడు. అక్కడ ఇమడలేక, మిత్రులు ప్రధాని బాల్డ్విన్ దాకా వెళ్ళి చెప్పగా, 1925లో మళ్ళీ వైమానిక దళానికొచ్చాడు.

1927 జనవరిలో కరాచీ వచ్చాడు. అది అప్పుడు మన దేశంలో ఊరే. డ్రిగ్ రోడ్ డిపోలో విమానాల ఇంజన్లు బాగుచేసే విభాగంలో గుమాస్తా పని. చుట్టూ ఎడారి. ఎడారిలో ఒకప్పుడు సేనలను నడిపినవాడు ఇక్కడ ఇంజన్ల లెక్కలు రాస్తున్నాడు. ఆ డిపో ఇప్పుడు పాకిస్తాన్ వైమానిక దళం వారి ఫైసల్ స్థావరం. సౌదీ రాజు ఫైసల్ పేరు అది. అరబ్బుల తిరుగుబాటులో లారెన్స్‌తో కలిసి నడిచిన ఫైసల్ వేరు. 1928లో అఫ్గాన్ సరిహద్దుకు పది మైళ్ళ దూరంలోని మీరాన్‌షా కోటకు పంపారు. అక్కడ ఖాళీ వేళల్లో హోమర్ ‘ఒడిస్సీ’ని ఇంగ్లీషులోకి మార్చసాగాడు. అఫ్గాన్‌లో తిరుగుబాటు రాగానే, అక్కడ గూఢచర్యం చేస్తున్నది ఇతనేనని పత్రికలు రాశాయి. 1929 జనవరిలో ఓడెక్కించి ఇంటికి పంపేశారు.

లారెన్స్ మీద నాకు గౌరవం కలిగేది ఆ తర్వాతి ఏళ్ళను చూసి. 1931 ఫిబ్రవరిలో ప్లిమత్ తీరంలో అతని కళ్ళ ముందే ఒక సముద్ర విమానం కూలింది. మునిగిన విమానంలోంచి మనుషులను తీయడానికి వెళ్ళినవాళ్ళలో తానూ ఉన్నాడు. చాలామంది చనిపోయారు. వేగంగా వెళ్ళే రక్షణ పడవ ఉంటే బతికేవాళ్ళన్న పట్టుదలతో, పడవల కంపెనీలో రోజుల తరబడి ఇంజన్ల దగ్గర కూర్చుని, సముద్రం మీద పరీక్షలు చేసి, ఆ కొత్త పడవను నడిపేవాళ్ళ కోసం చేతిపుస్తకం కూడా రాశాడు. నూనె ఎక్కడ పోయాలి, ఏ బోల్టు ఎప్పుడు బిగించాలి, అన్నీ అందులో ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో పడ్డ పైలట్లను తీసుకొచ్చిన వేగపు పడవలు ఆ కోవలోవే. చేతికి గ్రీజు అంటుకున్న మనిషికే పడవలో లోపం తెలుస్తుంది. ఆ మాట పైవాళ్ళ చెవిన పడాలంటే పైవాళ్ళ భాష తెలిసుండాలి. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడం అరుదు. రెండు అంతస్తుల్లోనూ కాపురం చేసినవాడి విలువ అది. 1935 ఫిబ్రవరిలో సర్వీసు ముగిసింది. మే 13న మోటార్‌సైకిల్ ప్రమాదం, 19న మరణం. వయసు 46.

అయినా ఇద్దరిలో నా మనసు వుడ్‌ఫిల్ వైపే. లారెన్స్‌కు మంత్రులు తెలుసు, ప్రధానికి కబురు పెట్టగల మిత్రులున్నారు. కావాలంటే మర్నాడే ఆఫీసరు కాగలడు. వుడ్‌ఫిల్‌కు ఇంటి వాయిదా తప్ప మరేం లేదు.

ఇలాంటివాళ్ళు అతనితో ఆగిపోలేదు. వియత్నాం యుద్ధం తర్వాత 1970ల్లో అమెరికా సైన్యాన్ని కుదించినప్పుడు, ఇరవయ్యేళ్ళు నిండని ఆఫీసర్లు చాలామంది బయటికి రావాల్సి వచ్చింది. వాళ్ళలో జవాన్లుగా మొదలైనవాళ్ళు సార్జెంట్లుగా తిరిగి చేరి సర్వీసు పూర్తిచేసుకున్నారు. నిన్న కంపెనీని నడిపిన కెప్టెన్ ఇవాళ ప్లాటూన్ సార్జెంటు. అలాంటివాళ్ళకు అక్కడి చట్టం హక్కు ఇచ్చింది: జవానుగా ఉండి ఆఫీసరైనవాడు, విడుదలైన ఆరు నెలల్లోగా అడిగితే, సీనియారిటీ పోకుండా పాత హోదాలోకి తీసుకోవాలి. ఆఫీసరుగా రిటైరవ్వాలంటే మామూలుగా కనీసం పదేళ్ళు ఆఫీసరుగా చేసుండాలి. అన్నేళ్ళు లేనివాడు సార్జెంటుగానే రిటైరవుతాడు. కాని సర్వీసు, రిటైరైన కాలం కలిపి ముప్పయ్యేళ్ళు నిండాక, పెద్ద హోదాలో మచ్చ లేకుండా చేసుంటే, రిటైరైనవాళ్ళ జాబితాలో ఆ హోదా తిరిగి వస్తుంది. ఆలస్యమైనా ఇది న్యాయమైన పద్ధతి. మనిషి చేసిన పనిని కాగితం మర్చిపోకుండా చూస్తుంది.

మన సైన్యంలో పైకెక్కడానికి మెట్లున్నాయి. జవాను డెహ్రాడూన్‌లోని ఆర్మీ క్యాడెట్ కాలేజీ మీదుగా ఆఫీసరు కావచ్చు. జనవరి 26న, ఆగస్టు 15న సుబేదార్లకు గౌరవ లెఫ్టినెంటు, గౌరవ కెప్టెన్ హోదాలిస్తారు. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళో ఈ మెట్ల పేర్లు చెప్పేవాళ్ళు ఇంటింటా దొరుకుతారు. ఆఫీసరు మళ్ళీ జవాను కావడం మాత్రం మన దగ్గర వాడుకలో లేదు. కాని వుడ్‌ఫిల్ పడ్డ చిక్కు మన దగ్గరా ఉంది. సిపాయి పదిహేనేళ్ళు చేస్తే పింఛను వస్తుంది. ఆఫీసరుకు ఇరవయ్యేళ్ళు కావాలి. షార్ట్ సర్వీస్ కమిషన్ మీద చేరినవాళ్ళలో శాశ్వత కమిషన్ దక్కనివాళ్ళను పదేళ్ళకు, పొడిగిస్తే పద్నాలుగేళ్ళకు పంపించేస్తారు. సరిహద్దులో పద్నాలుగేళ్ళు సైనికులను నడిపిన ఆఫీసరు, ముప్పై ఏడెనిమిదేళ్ళ వయసులో, ఇద్దరు చిన్నపిల్లలతో, నెలనెలా వచ్చే పింఛను లేకుండా ఇంటికొస్తాడు. అదే యూనిట్‌లో పదిహేనేళ్ళు చేసిన సిపాయికి పింఛను ఉంటుంది. సిపాయికి ఉండడం ముమ్మాటికీ సబబు. ఆ ఆఫీసరుకు, చేసిన ఏళ్ళ లెక్కన కొంతైనా ఇవ్వకపోవడం సబబు కాదు.

కిందికి దిగి మళ్ళీ చేరేవాళ్ళు మన దగ్గర జవాన్లలో ఉన్నారు. డిఫెన్స్ సెక్యూరిటీ కోర్, డీఎస్‌సీ. టీచర్ల డీఎస్సీ కాదు. 1947లో పెట్టిన దళం, కేంద్రం కేరళలోని కన్నూరు. రక్షణ శాఖ స్థావరాలకు కాపలా దీని పని. ఇందులో చేరేది మాజీ సైనికులే. నాయక్‌గా రిటైరై వచ్చినవాళ్ళు కూడా ఇక్కడ మళ్ళీ సిపాయి నుంచి మొదలుపెడతారు.

వుడ్‌ఫిల్ కథలో ఇంకో మలుపుంది. 1942లో, రెండో యుద్ధం వచ్చినప్పుడు, ఏ సైన్యం అతన్ని సార్జెంటును చేసిందో అదే సైన్యం పిలిచి మేజర్‌ను చేసింది. 1951లో ఇండియానాలో తన పొలం దగ్గర చనిపోయాడు. పుట్టిన ప్రాంతంలోనే ఒక చిన్న శ్మశానంలో పూడ్చారు. నాలుగేళ్ళ తర్వాత గాని ఆర్లింగ్టన్‌కు తీసుకెళ్ళలేదు.

విశాఖలో నేవీ గేటు ముందు నుంచో, హైదరాబాదులో రక్షణ పరిశోధన ల్యాబ్ పక్క నుంచో వెళ్తున్నప్పుడు, డీఎస్‌సీ బ్యాడ్జి పెట్టుకుని నిలబడ్డ యాభయ్యేళ్ళ సిపాయి కనిపిస్తాడు. డ్యూటీలో ఉన్నప్పుడు మాట్లాడించకండి. డ్యూటీ దిగి టీ కొట్టు దగ్గరికి వచ్చినప్పుడు, ‘ముందు ఏ యూనిట్‌లో చేశారండీ?’ అని అడగండి.