లివర్ క్యాన్సర్ రిపోర్టు: దాతలు తెలుసుకోవాల్సిన నాలుగు మాటలు

లివర్ క్యాన్సర్ రోగి కోసం సహాయం అడిగినప్పుడు దాతలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మనిషి దక్కుతాడా?" అడగడంలో తప్పు లేదు. మన నిధి చిన్నది, అవసరంలో ఉన్నవారు ఎక్కువ. అయితే దరఖాస్తుకు జతచేసిన రిపోర్టు ఆ ప్రశ్నకు ఎంతవరకు జవాబు చెప్పగలదో ముందు తెలుసుకుందాం.

అందరూ వినే పేరు ఏఎఫ్‌పీ, అంటే ఆల్ఫా ఫీటోప్రోటీన్. తల్లి కడుపులో ఉన్న బిడ్డ కాలేయం తయారుచేసే ప్రోటీన్ ఇది. పుట్టాక బాగా తగ్గిపోతుంది. క్యాన్సర్ కణాలు ఆ పాత పనిని మళ్లీ మొదలుపెడితే రక్తంలో పెరుగుతుంది. 1963లో సోవియట్ శాస్త్రవేత్త గారీ అబెలెవ్ బృందం దీన్ని కాలేయ కణితులున్న ఎలుకల్లో కనిపెట్టింది. ఏఎఫ్‌పీ చాలా ఎక్కువగా ఉండటం మంచి సూచన కాదు. కానీ సుమారు మూడో వంతు రోగుల్లో అది పెరగనే పెరగదు. కామెర్ల వైరస్ ఉన్నవారిలో, గర్భిణుల్లో క్యాన్సర్ లేకుండానే పెరగవచ్చు.

ఆపరేషన్ చేసి తీసిన కణితిని మైక్రోస్కోపు కింద పరీక్షిస్తే ఇంకా లోతైన సంగతులు తెలుస్తాయి. క్యాన్సర్ కణాలు సన్నని రక్తనాళాల్లోకి చొరబడ్డాయా అన్నది వాటిలో ముఖ్యమైనది. స్కానింగ్‌లో ఇది కచ్చితంగా కనిపించదు. చొరబడి ఉంటే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. సీకే19 అనేది మామూలుగా పిత్తనాళాల కణాల్లో ఉండే ప్రోటీన్. కాలేయ క్యాన్సర్ కణాల్లో అది కనిపిస్తే ఆ కణితి కాస్త మొండిదని అర్థం. కేఐ-67 శాతం ఎక్కువైతే కణాలు వేగంగా పెరుగుతున్నట్టు. సీడీ8 అనే రక్షక కణాలు కణితిలోకి బాగా చేరి ఉంటే మాత్రం సాధారణంగా మంచిదే.

ఇవన్నీ జబ్బు పోకడను చెబుతాయి. ఏ మందు పనిచేస్తుందో చెప్పేవి తక్కువ. రాముసిరుమాబ్ అనే ఇంజెక్షన్ ఒక మినహాయింపు. రోగులందరి మీద పరీక్షించినప్పుడు దాని ప్రయోజనం నిరూపణ కాలేదు. ఏఎఫ్‌పీ 400కు తగ్గనివారికే ఇచ్చి చూస్తే, 2019లో వచ్చిన ఫలితాల్లో సగటు ఆయుష్షు 7.3 నెలల నుంచి 8.5 నెలలకు పెరిగింది. పెరిగింది కొద్దిగానే. ఖరీదైన మందుకు సహాయం అడిగినప్పుడు ఈ లెక్క దాతలకు దాచకుండా చెప్పాలన్నది మా అభిప్రాయం.

మిగిలిన కాలేయం ఎంత బాగుందన్నది కూడా అంతే ముఖ్యం. బిలిరుబిన్, ఆల్బుమిన్ వంటి మామూలు రక్తపరీక్షలు, పొట్టలో నీరు చేరిందా లేదా అన్నది చూసి డాక్టర్లు దాన్ని అంచనా వేస్తారు.

సీకే19 పాజిటివ్ అని చూసి "ఇక లాభం లేదు" అనుకునేవారున్నారు. మేం దాన్ని మరోలా చదువుతాం. అలాంటి రోగికి ఆపరేషన్ తర్వాత స్కానింగులు క్రమం తప్పకూడదు. ఆపరేషన్ బిల్లుకు దాతలు దొరుకుతారు. మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి చేయించాల్సిన స్కానింగుకు, బస్సు చార్జీకి దొరకడం కష్టం.

జబ్బుకు మూలం హెపటైటిస్ బి అయితే భార్యాపిల్లలకూ, తోబుట్టువులకూ రక్తపరీక్ష చేయించాలి. వైరస్ సోకనివారికి టీకా ఉంది. సోకినవారిని డాక్టర్ల పర్యవేక్షణలో ఉంచవచ్చు. దరఖాస్తు తీసుకునేటప్పుడే ఈ సంగతి అడిగి రాసుకుంటే మంచిది.