పెనం దగ్గర నేర్చిన ఎరుక

తన్ను తాను తెలుసుకోవడం అనగానే మనకు కాషాయ వస్త్రాలో, హిమాలయాలో గుర్తుకొస్తాయి. గ్రీకులు ఆ మాటను డెల్ఫీ ఆలయం మీద చెక్కుకున్నారు. మన ఉపనిషత్తులు దాని చుట్టూనే తిరిగాయి. అంత పెద్ద సంగతిని నేను మాత్రం గోవాడలో, బెల్లం పెనం దగ్గర, అదీ ఒక తప్పు చేసి తెలుసుకోవలసి వచ్చింది.

గోవాడ చోడవరం దగ్గర ఊరు. మొన్నటిదాకా విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. పేరు చెప్పగానే అందరికీ సహకార చక్కెర కర్మాగారమే గుర్తొస్తుంది. మా ఇంట్లో ఫ్యాక్టరీకి తోలగా మిగిలిన చెరుకును గానుగాడించి బెల్లం వండేవాళ్లం. ఆ వంట చూడని మిత్రుల కోసం రెండు మాటలు. చెరుకు రసాన్ని పెద్ద ఇనప పెనంలో పోసి, ఎండిన పిప్పితో మంటపెట్టి మరిగిస్తారు. కాస్త సున్నం కలిపి, పైకి తేలిన మడ్డిని తీసేస్తూ ఉంటారు. రసం చిక్కబడ్డాక చన్నీళ్లలో ఒక చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి చూస్తారు. ఉండ కట్టిందా, వెంటనే దించెయ్యాలి. ఆలస్యమైతే మాడి చేదెక్కుతుంది.

డిగ్రీ రెండో సంవత్సరం సంక్రాంతి సెలవులవి. వంట చేసే ముసలి మావయ్య కాసేపు పాకం చూస్తూండమని నన్ను కూర్చోబెట్టి అన్నానికి వెళ్లాడు. మంట ఎగదోయడం మా తమ్ముడి పని. నా కళ్లు పెనం మీదే ఉన్నాయి. మనసు మాత్రం రాబోయే పరీక్షల దగ్గరుంది. మాడు వాసన వచ్చేసరికి పాకం నల్లబడిపోయింది. “మంట అంత ఎందుకు పెట్టావురా?” అంటూ తమ్ముడి చెంప మీద కొట్టాను. వాడికి పన్నెండేళ్లు. నా చెయ్యి లేచిన సంగతి దెబ్బ చప్పుడు విన్నాక గాని నాకు తెలియలేదు.

మావయ్య వచ్చి పెనం చూశాడు, తమ్ముణ్ణి చూశాడు. “పెనం ముందు కూకున్నావు గానీ, నువ్విక్కడ నేవు కదరా బాబూ” అన్నాడు. అంతే.

ఆ మాటను ఎన్నేళ్లుగానో తలుచుకుంటున్నాను. కోపం ముందు ఒంట్లోకి వచ్చింది. చెవులు వేడెక్కాయి, ఊపిరి కురచబడింది, పిడికిలి బిగిసింది. ఆ తరవాతే చెయ్యి లేచింది. ఇవన్నీ అయ్యాక, అందరికంటే ఆఖరున తెలిసింది నాకు! ఎరుక అంటే కోపం రాకపోవడం కాదు, వస్తున్నప్పుడే దాన్ని పట్టుకోగలగడం. ఆ తెలియడాన్ని కొంచెం కొంచెంగా ముందుకు జరిపే సాధనలు మూడున్నాయి.

మొదటిది నెమరు. జరిగిపోయినదాన్ని రాత్రి కూర్చుని తిరిగి చూసుకోవడం. ఐదు నిమిషాలు, ఒకే ఒక సంఘటన, ఒక నోటుపుస్తకం చాలు. ఏం జరిగింది, అప్పుడు ఒంట్లో ఏమయింది, మనసులో ఏమనుకున్నాను అని రాసుకోవాలి. ‘ఎందుకు చేశాను’ అని మొదలుపెడితే మనలోని ప్లీడరు లేచి మన తరఫున వాదిస్తాడు. ఆ రాత్రి నేను రాస్తూండగా తేలింది: కొట్టింది మంట ఎక్కువైనందుకు కాదు, పరీక్ష తప్పుతానేమోనన్న భయంతో. తెల్లారి తమ్ముడితో “తప్పు నాదేరా” అన్నాను. వాడు వెంటనే మాట్లాడలేదు. ఆ శిక్ష నాకు న్యాయమే.

రెండవది నడక. అనకాపల్లి పక్కనున్న శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ మీద బౌద్ధుల గుహలు, రాతిలో తొలిచిన స్తూపాలు ఉన్నాయి. ఊరి పేరే ‘సంఘారామం’ నుంచి వచ్చిందంటారు. అలాంటి ఆరామాల్లో భిక్షువులు కూర్చుని ధ్యానించడమే కాదు, నడుస్తూ ధ్యానించేవారు. దాన్ని చంక్రమణం అంటారు. సతిపట్ఠాన సూత్రం శరీరంతో మొదలవుతుంది: నడిచేటప్పుడు నడుస్తున్నానని, నిలబడినప్పుడు నిలబడ్డానని తెలిసి ఉండటం. హాస్టలు వరండాలో ఇరవై అడుగులు చాలు. మడమ ఆనింది, బరువు మారింది, రెండో కాలు లేచింది. ఇంతే గమనిస్తూ పది నిమిషాలు అటూ ఇటూ నడవండి. సూర్యనమస్కారాలైనా లెక్క కోసం కాక ఊపిరిని వింటూ చేస్తే ఇదే సాధన. ఒంటి కబుర్లు ఒంట్లో ఉండగానే చదవడం దీనివల్ల అలవాటవుతుంది.

మూడవది కూర్చోవడం. వెన్ను నిటారుగా పెట్టి, ముక్కు దగ్గర ఊపిరి రాకపోకలను గమనించడమే ఆనాపానసతి. ఆలోచనలు ఆగలేదని చాలామంది రెండోరోజే మానేస్తారు. ఆలోచనలు ఆపడం ఇందులో పని కానే కాదు. మనసు జారిపోయిందని తెలిసిన క్షణమే అసలు సాధన. నూరుసార్లు జారితే నూరుసార్లు వెనక్కి తేవడమే.

ఇది పాతకాలపు నమ్మకం మాత్రమే అని కొట్టిపారేయనక్కర్లేదు. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో దీర్ఘకాల నొప్పులతో బాధపడేవారికి ఈ సాధనలనే ఒక శిక్షణగా మలిచాడు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య కోనేరు రామకృష్ణారావు యోగాన్నీ చైతన్యాన్నీ మనస్తత్వశాస్త్రంతో కలిపి పరిశోధించారు. 2025 జూన్ 21న విశాఖ సముద్రతీరంలో లక్షలమంది కలిసి ఆసనాలు వేశారు. మంచిదే. కాని ఎరుక మాత్రం గుంపులో ఉన్నా ఎవరికి వారే పండించుకోవలసిన పంట.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. రోజుల తరబడి నిద్రలేకున్నా, బతుకు మీద విరక్తి కలిగినా దానికి ధ్యానం మందనుకోకండి. దగ్గరివాళ్లకు చెప్పండి, డాక్టర్ని కలవండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ టెలీమానస్ సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు.

మరుసటి సంక్రాంతికి మళ్లీ పెనం దగ్గర కూర్చున్నాను. తమ్ముడు పిప్పి ఎక్కువే తోశాడు, మంట ఎగిసింది. నా చెవులు వేడెక్కాయి. ఈసారి ఆ వేడి నాకు తెలిసింది. “కాస్త తగ్గించరా” అన్నాను. వాడు తగ్గించాడు. చన్నీళ్లలో చుక్క వేసి చూశాను. ఉండ కట్టింది.

విద్యార్థి మిత్రులారా, నాకు దక్కిన ఫలితం ఇంతే. మా తమ్ముడికి మాత్రం అది చిన్నదేమీ కాదు.