పరదేశ సంబంధము: పత్రములు, పైకము

పెండ్లి జరిగినంతనే భార్యకు భర్త దేశపు పౌరసత్వము లభించుననియు, భర్తకు భార్య దేశములో ఇల్లు కట్టుకొను హక్కు తనంత తానే వచ్చుననియు మనలో పలువురు నేటికిని నమ్ముచున్నారు. ఖమ్మము, కొత్తగూడెము, భద్రాచలము ప్రాంతములనుండి చదువులకును, ఉద్యోగములకును అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా దేశములకు వెళ్లిన యువతీయువకులలో కొందరు అచ్చటివారిని వివాహమాడుచున్నారు. అట్టి ఇండ్లలో పెద్దలకు మొదట కలుగు చింత ఆచారములను గుఱించినది. తరువాత కలుగు చిక్కు కాగితములను గుఱించినది. ఈ ప్రసంగము ఆ రెండవదానిని గుఱించి.

చెప్పదలచిన ముఖ్యవిషయము ఒక్కటే. వివాహము, నివాసము, పౌరసత్వము, ధనము — ఈ నాలుగును చట్టము దృష్టిలో వేఱువేఱు విషయములు. ఒకదానికై పొందిన పత్రము మఱియొకదానికి చాలదు. అయినను మొదటి పత్రము సరిగా లేనిచో తరువాతివి ఏవియు చేతికి రావు. కావున ఏది ముందు, ఏది వెనుక అను వరుస తెలిసియుండుట మేలు.

ఈ చిక్కు మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. వియన్నాలో జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1938లో బెట్టీ బర్నార్డో అను ఆంగ్లవనితను పెండ్లాడెను. ఆ సంవత్సరముననే ఆస్ట్రియా జర్మనీలో కలుపబడినది. 1939లో యుద్ధము వచ్చునప్పటికి ఆయన భారతదేశములో ఉండెను. చేతిలోనిది జర్మన్ పాస్‌పోర్టు. ఆ కారణముచేతనే బ్రిటిష్ ప్రభుత్వము ఆయనను శత్రుదేశీయునిగా నెంచి, నైజాము రాష్ట్రపు ఎల్లలలో ఉండవలసినదిగా నిర్బంధించెను. ఆ నిర్బంధకాలములో దంపతులిద్దరును చెంచుల నడుమను, పిమ్మట గోదావరి కొండలలోని కొండరెడ్ల నడుమను నివసించిరి. కొండరెడ్లపై ఆయన రచించిన గ్రంథము 1945లో వెలువడినది. భార్య ఆంగ్లేయురాలైనంత మాత్రమున భర్త పాస్‌పోర్టు మాఱలేదు. పైగా ఆనాటి బ్రిటిష్ చట్టము ప్రకారము విదేశీయుని పెండ్లాడిన స్త్రీకి భర్త దేశము పౌరసత్వ మిచ్చినచో, ఆమె స్వదేశ పౌరసత్వమును కోల్పోవుచుండెడిది. 1949 జనవరి 1 నుండి అచ్చట ఆ నియమము తొలగినది.

నేటి భారత చట్టము అంత కఠినము కాదు. విదేశీయుని పెండ్లాడిన భారతీయురాలు భారతీయురాలుగనే ఉండును. తానుగా కోరి అన్యదేశ పౌరసత్వము స్వీకరించినప్పుడే, 1955 నాటి పౌరసత్వ చట్టము 9వ సెక్షను ప్రకారము, ఆమె భారత పౌరసత్వము తొలగిపోవును. ఏకకాలమున రెండు దేశముల పౌరసత్వము నుంచుకొనుటకు మన చట్టము అంగీకరింపదు.

ఇక మొదటి మెట్టు వివాహపత్రము. భద్రాద్రి రాముని సన్నిధిలో పెండ్లి జరుపవలెనను కోరిక మనవారికి సహజము. విదేశీ వరుడైనను, వధువైనను ఆ వేడుకకు సంతోషముతో ఒప్పుకొనవచ్చును. కాని 1955 నాటి హిందూ వివాహ చట్టము ఇరువురును హిందువులైననే వర్తించును. మన రాష్ట్రమునుండియే వెళ్లిన ఒక వ్యాజ్యములో, హిందూ స్త్రీకిని క్రైస్తవ పురుషునికిని ఆలయములో జరిగిన వివాహము ఆ చట్టము క్రింద చెల్లదని 2008 డిసెంబరులో సుప్రీం కోర్టు నిర్ణయించినది. కావున ఆలయములో తాళి కట్టినను, మతములు వేఱైనచో 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము ననుసరింపవలయును.

దాని పద్ధతి యిది. ఇరువురిలో ఒకరైనను ఆ జిల్లాలో ముప్పది దినములు నివసించి యుండవలెను. పిమ్మట వివాహాధికారికి నోటీసు ఇయ్యవలెను. ఆ నోటీసు ప్రకటింపబడిన తరువాత మఱి ముప్పది దినములు ఆక్షేపణలకై గడువు. ఆక్షేపణ లేనిచో ముగ్గురు సాక్షుల యెదుట వివాహము జరుగును. నోటీసు ఇచ్చిన మూడు నెలలలో వివాహము జరుగనిచో మరల మొదటికి రావలసినదే. నెల దినముల సెలవుపై వచ్చిన వరుడు ఈ లెక్క తెలియక శుభలేఖలు అచ్చువేయించుట తఱచుగా కష్టమునకు కారణ మగుచున్నది. విదేశీయుడు తాను అవివాహితుడననియో, పూర్వవివాహము రద్దయినదనియో తన దేశమునుండి ధ్రువపత్రము తేవలెను. విదేశములోనే భారత కాన్సులేటు నందు పెండ్లి చేసికొనదలచినవారికి 1969 నాటి విదేశీ వివాహ చట్టము కలదు.

ఒక దేశపు పత్రము మఱియొక దేశములో చెల్లుటకు అపోస్టిల్ అను ముద్ర అవసరము. ఆ అంతర్జాతీయ ఒప్పందము భారతదేశమునకు 2005 జూలై 14 నుండి వర్తించుచున్నది. మన పత్రములపై ఈ ముద్రను విదేశాంగ శాఖ వేయును.

ఇచ్చట మన సరిహద్దువాసులకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. గ్రామము కదలకపోయినను జిల్లాయు, రాష్ట్రమును మాఱినవి. భద్రాచలము తాలూకా 1959 వఱకు తూర్పుగోదావరి జిల్లాలో ఉండెను. తరువాత ఖమ్మము జిల్లాలో చేరినది. 2014లో కూనవరము, చింతూరు, వర రామచంద్రపురము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలుపబడినవి. పై మూడును 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేర్చబడినవి. భద్రాచలము పట్టణము తెలంగాణలో నిలిచి, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనికి వచ్చినది. కూనవరములో 1985లో పుట్టినవాని బడి పత్రములో ఖమ్మము జిల్లా అనియు, తరువాతి పత్రములో వేఱొక జిల్లా అనియు ఉండవచ్చును. దూరదేశపు అధికారికి ఈ చరిత్ర తెలియదు. రెండు పేర్లు చూచి సందేహించును. దరఖాస్తుతోపాటు ఈ మార్పును వివరించు లేఖయు, వీలైనచో దానికి సంబంధించిన ప్రభుత్వ ఉత్తర్వు ప్రతియు జతపఱచుట మంచిది. ఇంటిపేరు, తండ్రిపేరు అన్ని పత్రములలో ఒకే అక్షరక్రమములో ఉన్నవో లేవో ముందుగానే చూచుకొనవలెను.

అడవి గ్రామములలో పుట్టిన పెద్దలలో అనేకులకు జనన ధ్రువపత్రమే లేదు. పుట్టిన సంవత్సరము దాటిన తరువాత నమోదు చేయింపవలెనన్న మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలెను. నమోదు దొరకనిచో, దొరకలేదని అధికారి యిచ్చు పత్రము తీసికొని, బడి రికార్డులు, పెద్దల ప్రమాణపత్రములు చేర్చవలెను. ఈ పనికి నెలలు పట్టును. కావున పెండ్లిమాట కుదిరిననాడే ఆరంభింపవలెను.

రెండవ మెట్టు నివాసము. భారతీయుని భార్యగానో, భర్తగానో ఇచ్చటికి వచ్చువారికి యాత్రికుల వీసా తగదు. ఎంట్రీ వీసా తీసికొనవలెను. 180 దినములకు మించిన వీసాతో వచ్చి నిలుచువారు సాధారణముగా పదునాలుగు దినములలో విదేశీయుల నమోదు కార్యాలయమున పేరు వ్రాయించుకొనవలెను. తెలంగాణకు ఆ కార్యాలయము హైదరాబాదులో ఉన్నది. దరఖాస్తు ఇంటర్నెట్టు ద్వారా పంపవచ్చును. విదేశీయునికి వసతి యిచ్చిన సత్రమైనను, లాడ్జి యైనను, గృహస్థుడైనను ఇరువదినాలుగు గంటలలో అధికారులకు తెలుపవలెను. అల్లుడు ఇంటికి వచ్చినప్పుడు ఇది ఏమి తంతు అని మామగారు అనుకొనరాదు. 1939, 1946 సంవత్సరముల పాత చట్టములను తొలగించి 2025 సెప్టెంబరు 1 నుండి క్రొత్త వలస, విదేశీయుల చట్టము అమలులోనికి వచ్చినది.

వివాహము నమోదై, రెండు సంవత్సరములు ఎడతెగక సాగినచో విదేశీ దంపతి ఓ.సి.ఐ. కార్డునకు దరఖాస్తు చేసికొనవచ్చును. తామైనను, తల్లిదండ్రులైనను, తాత ముత్తాతలైనను పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులై యుండినవారికి ఈ సౌకర్యము లేదు. ఈ కార్డు ఉన్నవారికి మాటిమాటికి వీసా అక్కఱలేదు. కాని వోటు లేదు, ప్రభుత్వోద్యోగము లేదు. వివాహము రద్దయినచో కార్డును రద్దు కావచ్చును. పౌరసత్వమే కోరువారు, భారత పౌరుని పెండ్లాడి, ఈ దేశములో ఏడేండ్లు నివసించిన పిమ్మట నమోదునకు అర్హులగుదురు.

మనవారు ఆ దేశమునకు వెళ్లునప్పుడు నివాసపు ప్రశ్న ధనపు ప్రశ్నతో ముడిపడియుండును. అమెరికాలో భార్యను గాని భర్తను గాని రప్పించుకొనువారు తమ ఆదాయము ప్రభుత్వము నిర్ణయించిన పేదఱికపు రేఖకు 125 శాతమునకు తగ్గలేదని చూపి, పోషణకు హామీ వ్రాసి యియ్యవలెను. విడాకులైనను ఆ హామీ తొలగదు. వచ్చినవారు పౌరులగు వఱకో, సుమారు పదేండ్ల పని లెక్కకు వచ్చు వఱకో సాధారణముగా అది నిలిచియుండును. పెండ్లి జరిగి రెండేండ్లు నిండకమునుపే ప్రవేశ మిచ్చినచో కార్డు రెండేండ్లకే చెల్లును. ఆ గడువు ముగియుటకు ముందు తొంబది దినములలో ఇరువురును కలిసి మరల దరఖాస్తు పెట్టవలెను. భర్త హింసించినచో భార్య ఒంటరిగనే దరఖాస్తు పెట్టుకొను హక్కు చట్టములో కలదు. ఈ సంగతి తెలియక నోరు మూసికొని బాధపడు ఆడపడుచు ఉండరాదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 11 నుండి, క్రొత్తగా భాగస్వామిని పిలిపించుకొనువారికి సంవత్సరమునకు 29,000 పౌనుల కనీసాదాయము నిర్ణయింపబడినది.

మూడవ మెట్టు పైకము. ఉద్యోగమునకై విదేశములో స్థిరపడినవాడు ఇచ్చటి మామూలు బ్యాంకు ఖాతాను అట్లే నడుపరాదు, దానిని ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించవలెను. విదేశార్జనను ఎన్.ఆర్.ఇ. ఖాతాలో వేసినచో దానిని తిరిగి నిరాటంకముగా కొనిపోవచ్చును. ఎన్.ఆర్.ఓ. ఖాతానుండి పన్ను చెల్లించిన పిమ్మట సంవత్సరమునకు పది లక్షల డాలర్ల వఱకు పంపవచ్చును. ఇచ్చట నివసించువారు బయటికి పంపదలచినచో సంవత్సరమునకు రెండున్నర లక్షల డాలర్లు పరిమితి.

భార్యాభర్తల నడుమ కానుకపై పన్ను లేదు. కాని భార్యకిచ్చిన సొమ్ముపై వచ్చు వడ్డీని భర్త ఆదాయములోనే కలిపి లెక్కింతురు. మఱియొక సంగతి: అమెరికా పౌరులు ఎచ్చట నివసించినను ప్రపంచములో తమకు వచ్చు ఆదాయమంతయు తమ ప్రభుత్వమునకు తెలుపవలెను. స్వదేశము వెలుపల తమ పేరనున్న ఖాతాల మొత్తము ఏడాదిలో ఒక్కనాడైనను 10,000 డాలర్లు మించినచో ఆ ఖాతాల వివరము కూడ ఇయ్యవలెను. అమెరికా కోడలి పేరును ఖమ్మములోని అత్తగారి ఖాతాలో ప్రేమతో జతచేయుటకు ముందు ఈ విషయము ఆలోచింపవలెను. ఒకే ఆదాయముపై రెండు దేశములలో పన్ను పడకుండ భారత, అమెరికా ప్రభుత్వములు 1989లో ఒప్పందము చేసికొన్నవి. దాని ప్రయోజనము తగిన పత్రములు చూపినవారికే దక్కును.

అన్నిటికంటె ఎక్కువ నష్టము కలుగుచోటు భూమి. గోదావరి గట్టున ఒక స్థలము కొని విదేశీ కోడలి పేరుతో ఇల్లు కట్టవలెనని ఎవరైన తలచిరనుకొందము. భద్రాచలము షెడ్యూల్డు ప్రాంతములోనిది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణ ప్రాంతమునకు విస్తరింపబడి, 1970లో కఠినము చేయబడినది. దాని ప్రకారము ఏజెన్సీలోని స్థిరాస్తిని గిరిజనులకును, గిరిజనులే సభ్యులుగా గల సహకార సంఘములకును తప్ప ఇతరులకు బదలాయింపరాదు. విదేశీయునికే కాదు, గిరిజనేతరుడైన భారతీయునికి కూడ అది చెల్లదు. సుప్రీం కోర్టు 1988లో ఈ నిబంధనను సమర్థించినది. గిరిజన యువతిని పెండ్లాడినంత మాత్రమున భర్త గిరిజనుడు కాడు. వేఱొకరి పేరుతో కొనిపించుట బినామీ నేరమగును. ఈ కట్టుబాటు కోయల, కొండరెడ్ల భూమి చేజాఱకుండుటకై ఏర్పడినది. దానిని తప్పించు త్రోవ చూపెదమను దళారులకు సొమ్ము ఇచ్చుట సొమ్మును ఏటిలో వేయుటయే.

ఖమ్మము పట్టణము ఏజెన్సీలో లేదు. అచ్చట ఈ ఆటంకము లేకున్నను విదేశీ మారక చట్టము కలదు. 2019 నియమముల ప్రకారము, ప్రవాస భారతీయుని గాని ఓ.సి.ఐ. గాని పెండ్లాడి విదేశములో నివసించు విదేశీ దంపతి, వారితో కలిసి ఉమ్మడిగా ఒక్క స్థిరాస్తి కొనవచ్చును. వివాహము నమోదై రెండేండ్లు సాగియుండవలెను. వ్యవసాయ భూమి, తోట, ఫారం ఇల్లు మాత్రము కొనరాదు. ప్రత్యేక వివాహ చట్టము క్రింద హిందువు క్రైస్తవులను గాని ముస్లిములను గాని పెండ్లాడినచో ఆస్తి వారసత్వమునకు 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించును. కావున వీలునామా వ్రాసియుంచుట వివేకము.

బిడ్డ విదేశములో పుట్టినచో, తల్లిగాని తండ్రిగాని భారత పౌరులై, బిడ్డను భారత పౌరునిగా నిలుపదలచినప్పుడు, ఒక సంవత్సరములోగా అచ్చటి భారత కాన్సులేటులో నమోదు చేయింపవలెను. బిడ్డకు వేఱొక దేశపు పాస్‌పోర్టు లేదని తెలుపవలెను. ఈ గడువు దాటినచో కేంద్రప్రభుత్వపు అనుమతి కావలెను.

ముప్పది దినములు, పదునాలుగు దినములు, ఒక సంవత్సరము, రెండు సంవత్సరములు, ఏడు సంవత్సరములు — ఈ గడువులను ఒక పుస్తకములో తేదీలతో వ్రాసి ఇంటిలో ఉంచుకొనవలెను. వివాహపత్రము, పాస్‌పోర్టు, బ్యాంకు కాగితముల నకళ్లు భార్యవద్ద ఒక జత, భర్తవద్ద ఒక జత ఉండవలెను. దూరదేశమునకు పోవు కుమార్తె పాస్‌పోర్టు ఆమె చేతిలోనే ఉండవలెను గాని అత్తవారి పెట్టెలో కాదు. నియమములు మాఱుచుండును కనుక దరఖాస్తు పెట్టు దినమున ఆయా ప్రభుత్వముల ప్రకటనలను మరల చూచుకొని, పన్ను విషయమై రెండు దేశముల లెక్కలు తెలిసిన ఆడిటరును సంప్రదించి నడచుకొనుట క్షేమము.