సశేషానికీ సమాప్తానికీ మధ్య

2023 అక్టోబరు. ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శనలో మామూలు జనాన్ని కూడా లోపలికి రానిచ్చే శనివారం. నేనూ మా అబ్బాయీ ఎస్-బాన్‌లో మెస్సే స్టేషన్‌కి వెళ్తున్నాం. ఆ వారాంతంలో ఆ రైళ్లు చూసి తీరాలి. కోటు వేసుకున్న పెద్దమనిషి పక్కన చెక్క కత్తి పట్టుకున్న సమురాయ్, అతని పక్కన కుందేలు చెవుల అమ్మాయి. జపాన్ బొమ్మల కథల్లో పాత్రల్లా వేషాలు కట్టుకుని కుర్రకారంతా బయల్దేరతారు. ఈ ఊరికి ఆ పిచ్చి కొత్తదేం కాదు. 2000లో విద్యార్థులు మొదలుపెట్టిన నిప్పన్ కనెక్షన్ అనే జపాన్ సినిమాల పండగ ఇక్కడ ఇప్పటికీ జరుగుతోంది. మా ఎదురు సీట్లో ఒళ్లంతా ఎర్రటి తొడుగు వేసుకున్న ఒక అమ్మాయి కూర్చుంది.

"అది అసుకా," అన్నాడు మావాడు నా వైపు వంగి.

ఇందులో విశేషం ఏముందంటారా? వాడికప్పుడు పద్నాలుగేళ్లు. నేను తెలుగులో అడిగితే జర్మన్‌లో ఒక్క ముక్క జవాబు చెప్పే వయసు. బడి ఎలా ఉందిరా అంటే "గుట్". ఏం చేశావురా అంటే "నిక్స్". వాడంతట వాడు తెలుగులో మాట మొదలుపెట్టి నెలలు దాటింది. నేను పుస్తకాల సంగతి పక్కన పెట్టి, "అసుకా అంటే ఎవర్రా?" అన్నాను. మెస్సే వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు.

ఆ కథ పేరు 'నియాన్ జెనెసిస్ ఎవాంగెలియన్'. హిదెయాకి అన్నో దర్శకత్వంలో 26 భాగాలుగా 1995 అక్టోబరు నుంచి 1996 మార్చి దాకా జపాన్ టీవీలో వచ్చింది. ఇక్కణ్ణించి గుట్లన్నీ విప్పేస్తాను. ముందు చూసి వస్తామనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.

కథ 2015లో జరుగుతుంది. 2000లో దక్షిణ ధ్రువం దగ్గర జరిగిన మహా ఉత్పాతంతో ప్రపంచ జనాభాలో సగం పోయింది. ఇప్పుడు ఏంజెల్స్ అని పిలిచే వింత ప్రాణులు ఒక్కొక్కటిగా వచ్చి మీద పడుతున్నాయి. వాటితో తలపడేవి ఎవా అనే బ్రహ్మాండమైన యంత్రాలు. వాటిని నడపగలిగేది పద్నాలుగేళ్ల పిల్లలే. ఏళ్ల తరబడి పలకరించని తండ్రి గెండో, కొడుకు షింజీకి రమ్మని కబురు పెడతాడు. బెంగపెట్టుకుని కాదు, యంత్రం ఎక్కమని చెప్పడానికి.

గెండో నడిపే సంస్థ పేరు నెర్ఫ్. దాని వెనకున్న రహస్య మండలి జేలే. నెర్ఫ్‌కి ముందు ఉన్నది గెహిర్న్. మూడూ జర్మన్ మాటలే: నరం, ఆత్మ, మెదడు. ఈ ఊరికి వచ్చిన కొత్తలో భాష క్లాసులో నేను నేర్చుకున్నవే. ఎవాంగెలియన్ అన్నది గ్రీకు మాట, శుభవార్త అని అర్థం. ఇక్కడ చర్చి పన్ను కోసం మతం ఏమిటని అడిగినప్పుడు కనబడే 'ఎవాంగెలిష్' అన్న మాట కూడా దాన్నుంచి పుట్టిందే. ఇంకేం, నేనూ ఒక సిద్ధాంతం లేవదీశాను. నరం, మెదడు, ఆత్మ అంటున్నారంటే ఈ యుద్ధమంతా ఒకే మనిషి లోపల జరుగుతోందని.

"ఆధారం?" అన్నాడు మావాడు.

పేర్లు తప్ప నా దగ్గర ఇంకేం లేదు.

వాడూ అప్పటికి చూడలేదు, స్నేహితుల నోట విన్నదే. కలిసి చూద్దామన్నాను. ఒకటే షరతు: శనివారం రాత్రి ఒక్క భాగమే. 26 భాగాలూ 2019 నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్నాయి. రెండు రోజుల్లో అయిపోయేదానికి ఆర్నెల్లెందుకని వాడి గొడవ. నేను వారపత్రికల సీరియళ్ల కాలంలో పెరిగినవాణ్ణి. మా అమ్మా, పక్కింటి పిన్నిగారూ పత్రిక వచ్చిన రోజు చదివేది అరగంట, తర్వాత ఆరు రోజులు హంతకుడెవరని వాదన. ఆ ఆరు రోజులే వీడికి ఇవ్వాలని నా కోరిక.

మూడో ఆదివారం పొద్దున నేను కాఫీ కలుపుకుంటుంటే వచ్చి తేల్చేశాడు. "ఆ యంత్రంలో వాళ్లమ్మ ఉంది నాన్నా."

కొట్టిపారేశాను. వాడు ఒక్కొక్క ఆధారమే బయటికి తీశాడు. మొదటి భాగంలో పైనుంచి ఇనప సామానంతా ఊడి పడుతుంటే, లోపల ఎవరూ లేని యంత్రం చెయ్యి దానంతటదే లేచి షింజీకి అడ్డం పెట్టింది. నడిపే పిల్లాడు కూర్చునే గొట్టాన్ని ఒక ద్రవంతో నింపుతారు, వాడు ఆ ద్రవంలోనే ఊపిరి పీలుస్తాడు. యంత్రానికి కరెంటు ఇచ్చే తీగ పేరు అంబిలికల్ కేబుల్. "నాబెల్‌ష్నూర్‌ని తెలుగులో ఏమంటారు?" అనడిగాడు. "బొడ్డుతాడు," అన్నాను. అన్నాక నాకే ఒళ్లు జలదరించింది. రాకెట్లకి తగిలించే తీగల్ని కూడా ఇంగ్లీషులో అలాగే అంటారు కాబట్టి అంతదాకా అదొక యంత్రభాగం పేరనే విన్నాను. తెలుగులో చెప్పేసరికి పురిటిగది కళ్లముందు నిలబడింది.

కథ మూడొంతులు దాటాక వాడన్నదే నిజమైంది. షింజీ తల్లి యుయి ఒక ప్రయోగంలో ఆ యంత్రంలోనే కలిసిపోయింది. ఇది మొదటి రకం సిద్ధాంతం. కథకుడు గింజలు చల్లుకుంటూ పోతాడు, చూసేవాడు ఏరుకుంటూ వెనక వస్తాడు. ముందే దొరికిపోయామని కంగారుపడే కథకులూ ఉన్నారు. 'గ్రావిటీ ఫాల్స్' అనే అమెరికన్ బొమ్మల సీరియల్లో రహస్య పుస్తకాలు రాసిందెవరో అభిమానులు ముందే పట్టేశారు. అప్పుడు దాని సృష్టికర్త అలెక్స్ హిర్ష్ 2013లో వేరే పాత్ర మీదికి అనుమానం మళ్లేలా ఒక దొంగ బొమ్మ తయారుచేసి, పొరపాటున బయటపడినట్టు వదిలాడు. జనం నమ్మారు. 2015లో అసలు సంగతి తెరమీదికి వచ్చేసరికి మొదటి ఊహే నిజం. నాకు నచ్చిందేమిటంటే, ఆయన జనాన్ని దారి తప్పించాడే తప్ప కథ మార్చలేదు. ఎవరో కనుక్కున్నారని ముగింపు మార్చేస్తే, చల్లిన గింజలన్నీ అబద్ధాలైపోయేవి.

రెండో రకం శిలువల గొడవ. ఎవాంగెలియన్ నిండా క్రైస్తవ, యూదు గుర్తులే. ఏంజెల్ చచ్చి పేలితే ఆకాశంలో శిలువ ఆకారంలో మంట. ఆదాము, లిలిత్, మృతసముద్రపు చుట్టలు, గెండో గది కప్పు మీద కబ్బాలా చెట్టు. వీటి మీద ప్రపంచమంతటా రాసిన సిద్ధాంతాలు చదవడానికి ఒక జన్మ చాలదు. ఈ దేశంలో పుట్టి పెరిగాడు కాబట్టి మావాడికి అవన్నీ అలంకారంలా కనబడలేదు. ఒక నెల రోజులు చర్చి ముందునుంచి వెళ్లినప్పుడల్లా తలెత్తి చూసేవాడు. ఎవాంగెలియన్‌కి సహాయ దర్శకుడిగా చేసిన కజుయా త్సురుమాకి మాత్రం 2001లో అమెరికాలో అభిమానుల ముందే తేల్చి చెప్పాడు. జపాన్లో రోబో కథలు చాలా ఉన్నాయి, మాది వేరుగా కనబడాలని ఆ గుర్తులు వాడాం, మాకవి వింతగా ఉంటాయి, అంతకుమించి మత సంబంధమైన అర్థం లేదని.

మావాడు చిన్నబోయాడు. మన సంగతి చెప్పి ఊరడించాను. ఒక స్విస్ పెద్దమనిషి మన సినిమాలు పది చూసి, పాట రాగానే నాయిక చీరతో ఆల్ప్స్ మంచులో ఎందుకు తేలుతుందా అని ఆలోచించి, మంచు అంటే మోక్షానికి గుర్తు అని రెండొందల పేజీలు రాశాడనుకో. మనం ఏం చెప్తాం? చూడ్డానికి బావుంటుందనండీ, అంటాం. వాడు పడీ పడీ నవ్వాడు. నవ్వాక, "కానీ ఆయన పుస్తకం నేను చదువుతా," అన్నాడు.

మూడో రకం అన్నిటికంటే కష్టం. అక్కడ కథకుడే ఖాళీ వదిలేస్తాడు. నిర్మాణం గడువుకి అందక వెనకబడింది. అన్నో అంతకుముందు నాలుగేళ్లు కుంగుబాటుతో ఏ పనీ చేయలేని స్థితిలో గడిపినవాడు. చివరి రెండు భాగాల్లో యుద్ధం లేదు, జేలే పన్నాగం ఏమైందో చెప్పలేదు. కొన్ని గీతలు, పాత బొమ్మలు, షింజీ మనసులో ప్రశ్నలు, చివరికి అందరూ చుట్టూ నిలబడి చప్పట్లు. జపాన్లో అభిమానులు మండిపడ్డారు. 1997 జూలైలో వేరే ముగింపుతో 'ఎండ్ ఆఫ్ ఎవాంగెలియన్' సినిమా వచ్చింది. అది నేనొక్కణ్ణే చూసి, వాణ్ణి రెండేళ్లు ఆగమన్నాను. ఆగాడని నేనైతే నమ్మను. అందులో ఉన్నట్టుండి బొమ్మలు ఆగిపోయి, నిజమైన సినిమా హాల్లో కూర్చున్న ప్రేక్షకులు కనబడతారు. అన్నోని తిడుతూ వచ్చిన రాతలు తెర మీద మెరిసి మాయమవుతాయి. నా ఊహే నిజం, నువ్వే తప్పు రాశావు అని కథకుడి మీదికి కర్ర ఎత్తినప్పుడు అది అభిమానమూ కాదు, సిద్ధాంతమూ కాదు.

టీవీ ముగింపు చూసిన రాత్రి మావాడు నా వైపు తిరిగి, "నువ్వే గెలిచావు నాన్నా, అంతా ఒకడి లోపలే," అన్నాడు. ఆధారం లేకుండా గెలిచినందుకు నాకు పెద్ద ఆనందం కలగలేదు.

అలా శనివారాలు అయిపోయి ఏం చేద్దామా అనుకుంటుండగా మన కథ వచ్చింది. 2024 మే 31న 'బుజ్జి అండ్ భైరవ' యానిమేషన్ రెండు భాగాలు ప్రైమ్ వీడియోలో వచ్చాయి. నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ'కి ముందుకథ అది. కాంప్లెక్స్ లోపలికి పోవడానికి డబ్బు కూడబెట్టుకునే భైరవకి, మాటలు నేర్చిన బుజ్జి ఎలా జతయిందో చెబుతుంది. సినిమా విడుదల జూన్ 27న. మధ్యలో దాదాపు నాలుగు వారాలు. ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: ఇంతకీ భైరవ ఎవరు?

మావాడు వాదనలోకి దిగబోయి ఆగిపోయాడు. అమితాబ్ అశ్వత్థామ అని అందరికీ తెలుసు. ఆ అశ్వత్థామ ఎవరో వీడికి తెలియదు. ఎవాంగెలియన్ మీద వాదించడానికి బైబిలు తిరగేసినవాడు, దీని మీద వాదించాలంటే భారతం కావాలన్నాడు. జూన్ నెలంతా సాయంత్రాలు మైన్ నది ఒడ్డున నడుస్తూ చెప్పాను. కర్ణుడి దగ్గరికి వచ్చేసరికి నిలబడిపోయాడు. "వాళ్లమ్మే పెట్టెలో పెట్టి నదిలో వదిలేసిందా? మళ్లీ అమ్మేనా?"

అంత విన్నాక కూడా భైరవ అర్జునుడని పందెం కాశాడు. సినిమా చివర కర్ణుడని తేలింది. ఎక్కడ పొరబడ్డానో చూడాలని ఇంకోసారి టికెట్లు కొనిపించాడు. మంచి సిద్ధాంతానికి నాకు దొరికిన కొలత అదే. నిజమవుతుందా లేదా అన్నది తర్వాత సంగతి. మళ్లీ కథ దగ్గరికి పంపిస్తోందా, కథని వదిలేసి తన చుట్టూ తనే తిరుగుతోందా అన్నది చూడాలి.

ఆ చలికాలం ఎవాంగెలియన్ కొత్త సినిమాలు చూశాం. 2007 నుంచి అన్నో ఆ కథనే నాలుగు సినిమాలుగా మళ్లీ చెప్పాడు. టీవీలో నీలంగా ఉన్న సముద్రం మొదటి సినిమాలోనే ఎర్రగా ఉంది. అది ఎర్రబడింది 1997 సినిమా చివర కదా, అంటే ఇది మళ్లీ చెప్పడం కాదు, ఆ తర్వాత తిరిగిన ఇంకో చుట్టు అని అభిమానులు పట్టుకున్నారు. నాలుగో సినిమా జపనీస్ పేరు చివర, సంగీతంలో 'మళ్లీ వాయించు' అని చెప్పే గుర్తు కూడా ఉంది. అసుకా ఇంటిపేరు సోర్యూ నుంచి షికినామీకి మారడం చూసి, రేయ్ అయనామీ లాగే ఈ పిల్ల కూడా క్లోన్ అన్నారు. 2021లో ఆ సినిమా వచ్చాక క్లోన్ సంగతి నిజమైంది. చుట్ల సంగతిలో రెండు పక్షాలూ మేమే గెలిచామని చెప్పుకునేంత సరుకు దొరికింది.

నాకు గుర్తుండిపోయింది మాత్రం వేరే. యుద్ధం ఆపేసి తండ్రీ కొడుకులు ఒక రైలు పెట్టెలో కూర్చుంటారు. గెండో మొదటిసారి తన చిన్నతనం చెబుతాడు. మనుషులంటే భయమనీ, ఒక్కడే కూర్చుని పుస్తకాలు చదువుకునేవాణ్ణనీ, పియానో వాయించుకునేవాణ్ణనీ.

సినిమా అయ్యాక మావాడు టీవీ కట్టేసి కూర్చున్నాడు. "నీకు పియానో రాదు కదా. నా వయసులో నువ్వేం చేసేవాడివి?"

అప్పుడు చెప్పాను. మా అమ్మ పత్రికల్లోంచి ఒక సీరియల్ కాగితాలు వారం వారం చింపి, ట్వైన్ దారంతో కుట్టి, అట్ట వేసింది. చివరి వారం పత్రిక మా ఊరికి రాలేదో, ఎవరైనా తీసుకుపోయారో, ఆ ఒక్కటీ లేదు. నేను చదివి, తర్వాత ఏమైందమ్మా అంటే, అమ్మ ముగింపంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఇరవయ్యేళ్ల తర్వాత హైదరాబాదు కోఠీలో పాత పుస్తకాల దగ్గర ఆ నవల అచ్చు ప్రతి దొరికింది. చివరి అధ్యాయం అక్కడే నిలబడి చదివాను. అమ్మ చెప్పింది అందులో లేదు. అమ్మ కూడా ఆ చివరి భాగం చదవలేదని నాకు అప్పుడు అర్థమైంది. అడుగుదామంటే అప్పటికే అమ్మ లేదు.

"నానమ్మ ముగింపు ఏమిటి?"

చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. చివర వాడి పాత ప్రశ్నే వేశాడు. "దానికి కథలో ఆధారం ఉందా?"

అంతకాలం నేను ఆ మాట ఆలోచించనే లేదు. అమ్మ నా కోసం అల్లి చెప్పిందనే అనుకున్నాను. ఒకవేళ కథలో గింజలు ఏరుకునే చెప్పిందేమో? లేచి వెళ్లి, అల్మారా పైనుంచి ఆ కుట్టిన పుస్తకం దించాను. అట్ట ఊడిపోయింది, దారం మాత్రం గట్టిగానే ఉంది. వాడికి తెలుగు చదవడం రాదు కాబట్టి నేనే పైకి చదవడం మొదలుపెట్టాను. వాడు పెన్సిలూ కాగితమూ పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

శనివారానికి ఒక భాగమే. ఈసారి షరతు వాడు పెట్టాడు.