సొర పిందె ఎందుకు రాలిపోతుంది?

సొరపాదు పెట్టిన ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది: పూత విరగబూసింది, పిందె మాత్రం బొటనవేలంత కాగానే పసుపుబారి రాలిపోతోంది. నజర్ తగిలిందని కొందరు, పురుగు పట్టిందని కొందరు అంటారు. మందు తెచ్చి కొడతారు. చాలాసార్లు అసలు కారణం ఆ పువ్వు మీద ఏ కీటకమూ వాలకపోవడమే. మందు కొడితే, వాలవలసినవి కూడా చచ్చిపోతాయి.

సొర, బీర, గుమ్మడి పాదుల్లో మగపువ్వులు వేరు, ఆడపువ్వులు వేరు. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. మగపువ్వుకు సన్నని కాడ మాత్రమే. ముందు కొన్నాళ్లు మగపూలే పూస్తాయి, కంగారు పడనక్కరలేదు. మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వుకు చేరితేనే పిందె నిలుస్తుంది. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది. దానికి తేనెటీగలు కావాలి. సొర, బీర సాయంత్రం పూస్తాయి. తెల్లని సొరపువ్వు మీదికి చీకటిపడ్డాక రెక్కల పురుగులు వస్తాయి. ఏవీ రాకపోతే మగపువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దండి. సొరకు మగ్రిబ్ వేళ, గుమ్మడికి ఫజ్ర్ నమాజు తర్వాత. (పిందె మీద చిన్న గాటు ఉండి కుళ్లితే అది పండుఈగ పని. దానికి ఈ చిట్కా పనిచేయదు.)

వంకాయ సంగతి వేరు. దాని పుప్పొడి చిన్న గొట్టాల్లో ఉంటుంది. నల్ల తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని వణికిస్తే రాలుతుంది. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు. అందుకే తుమ్మెదను చూసి చీపురు ఎత్తకండి.

వీటిని రప్పించడానికి నాలుగు సబ్జా మొక్కలు చాలు. ఆకు కోసం వెన్నులు తుంచేస్తుంటాం. సగం వదిలేయండి, ఆ పూల చుట్టూ ఈగలు ముసురుతాయి. గోరింటను పూయనిచ్చినా అంతే. ముద్దబంతి కన్నా రెక్కబంతి మేలు, ముద్దపువ్వులో తేనె అందదు. పెరడంతా సిమెంటు చేయకండి, చాలా ఒంటరి ఈగలు మట్టిలోనే గూడు పెడతాయి. వెడల్పాటి మూకుడులో గులకరాళ్లు వేసి నీళ్లు పోయండి. దోమలు చేరకుండా రోజూ మార్చండి. వేపనూనె కొట్టక తప్పకపోతే విచ్చిన పూల మీద పడనీయకండి.

దివ్యఖుర్‌ఆన్‌లో 16వ సూరాకు తేనెటీగ పేరే ఉంది: అన్‌నహ్ల్. ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తిన్నది అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త (స) తెలిపినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది.

దాతలకు ఒక మనవి. రేషన్ కిట్ అందుకునే ఇంటికి రేకుల కప్పో, పాకో ఉంటుంది. దాని మీదికి ఒక్క సొరపాదు ఎక్కినా కూర ఖర్చు కొంత తగ్గుతుంది. కానీ విత్తనం ఒక్కటే ఇస్తే, పూలే లేని ఇరుకు సందులో ఆ పాదు పూసి రాలిపోవచ్చు. సొర గింజలతోపాటు చిటికెడు సబ్జా గింజలు కూడా పొట్లం కట్టండి. రంజాన్ షర్బత్ కోసం దాచుకునే ఆ గింజలే, పాతబడనివైతే మొలుస్తాయి. తొలకరికి ముందే పొట్లాలు చేరితే మంచిది.